గుత్తి టంకసాల: మా లెక్క

గుత్తికి ఒకప్పుడు ఫైజ్ హిసార్ అని పేరుండేది. ఆ పేరు ఇప్పుడు రైల్వే బోర్డు మీద లేదు, బస్సు మీద లేదు, మా పిల్లల బడి పుస్తకంలో లేదు. గుత్తి బజార్లో ఎవర్నైనా ఆపి అడిగితే అదేదో అరబ్బు దేశపు ఊరనుకుంటారు. కానీ ఆ పేరున్న రాగి నాణేలు ఇప్పటికీ ఉన్నాయి. ముందువైపు ఏనుగు. వెనకవైపు ఫార్సీ లిపిలో 'జర్బ్ ఫైజ్ హిసార్', అంటే ఫైజ్ హిసార్‌లో అచ్చు కొట్టినది అని. టిప్పు సుల్తాన్ టంకసాలల్లో మా గుత్తి ఒకటి.

మేం చరిత్ర లేని వాళ్లమని ఒకరంటారు. ఉన్న చరిత్ర అంతా కత్తి పట్టుకొచ్చిన చరిత్రేనని ఇంకొకరంటారు. రెండు మాటలూ మా మీద పడేవే. అందుకే కత్తిని కాసేపు పక్కనబెట్టి నాణేన్ని చేతిలోకి తీసుకుందామనుకున్నాం. యుద్ధంలో, ముట్టడిలో, కరువులో ఊళ్లు డబ్బుని ఎలా పుట్టించుకున్నాయి, ఎవరి దగ్గర లాక్కున్నాయి, ఆ డబ్బు మీద ఎవరి దేవుడి బొమ్మ వేసుకున్నాయి అన్నది చూస్తే మన వాదాలు చాలావరకు తలకిందులవుతాయి.

ముందు ఆ పేరు సంగతి. ఫైజ్ అంటే అనుగ్రహం, దయ. హిసార్ అంటే ఫార్సీలో కోట. అదే మాటకి అరబ్బీలో అర్థం ముట్టడి. ఉర్దూ పేపర్లలో యుద్ధవార్తలు చదివే మా పెద్దవాళ్లకి 'ముహాసరా' అన్న మాట తెలుసు. ఆ మాటా ఈ మాటా ఒక్క వేరులోంచి వచ్చినవే. చుట్టూ గోడ కట్టుకుంటే కోట, చుట్టూ శత్రువు నిలబడితే ముట్టడి. గుత్తికి రెండు అర్థాలూ సరిపోయాయి.

ముట్టడిలో చిక్కిన ఊరికి తిండి, నీళ్లు, మందుగుండు ఎంత అవసరమో చిల్లర డబ్బూ అంతే అవసరం. సిపాయికి జీతమివ్వకపోతే గోడ మీద నిలబడడు. బయటినుంచి రొక్కం రాదు. అప్పుడు ఊరే ఏదో ఒకటి చేసి డబ్బు అనిపించాలి. హాలెండులో లైడెన్ ఊరిని 1573-74లో స్పెయిన్ సైన్యం ముట్టడిస్తే అక్కడివాళ్లు చర్చి పుస్తకాల కాగితాలు అతికించి, అచ్చు ఒత్తి నాణేలు చేశారు. ప్రార్థన పుస్తకం చిల్లరైపోయింది. ఇంగ్లండులో న్యూవార్క్ అనే ఊరు 1645-46లో రాజు పక్షాన ముట్టడిలో ఉన్నప్పుడు ఇళ్లల్లోని వెండి పళ్లేలు వజ్రం ఆకారంలో ముక్కలుగా కోసి వాటి మీద విలువ కొట్టారు. కొన్ని ముక్కల మీద పాత పళ్లెం నగిషీ ఇంకా కనిపిస్తుంది. సూడాన్‌లో 1884లో మహదీ సేనలు ఖార్టూంని చుట్టుముడితే లోపలున్న జనరల్ గోర్డన్ తన సంతకంతో చీటీలు ఇచ్చి ఇవే డబ్బులన్నాడు. కాగితమైనా, వెండి ముక్కైనా, ఆ డబ్బుకి వెనక ఉన్నది ఒక మాట మాత్రమే. ముట్టడి తొలిగాక దీనికి బదులు అసలు డబ్బిస్తాం అన్న మాట. ఊరు పడిపోతే ఆ మాట కూడా పడిపోతుంది.

మన దగ్గర ఈ లెక్క వేరుగా నడిచింది. ఇక్కడ వెండి పళ్లేన్ని నాణెంగా కోయక్కర్లేదు. తూచి ఇస్తే చాలు. షరాఫు ఉన్న ప్రతి ఊళ్లోనూ బంగారం బంగారమే. నగే డబ్బు. గుత్తి ముట్టడిలో జరిగింది అదే.

1775 నాటికి గుత్తి మురారి రావు ఘోర్పడేది. మరాఠా సర్దారు. చిన్నవాడేం కాదు. 1751లో ఆర్కాటు కోటలో చాందా సాహెబు మనుషుల ముట్టడిలో క్లైవు చిక్కుకున్నప్పుడు సాయానికి కదిలింది మురారి రావు గుర్రాలే. ఆ కాలపు దక్షిణాదిలో ఆయన గుర్రపు దండుని తమ వైపు తిప్పుకోవాలని ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, నవాబులు అందరూ డబ్బు సంచులతో తిరిగారు. ఎవరెక్కువ ఇస్తే వాళ్ల వైపు వెళ్లాడని చరిత్రకారులు నిష్ఠూరమాడతారు. ఆ కాలంలో వెళ్లనివాడెవడో చెప్తే మేమూ నిష్ఠూరమాడతాం.

హైదర్ అలీ బళ్లారిని లొంగదీసుకుని గుత్తి మీదికొచ్చాడు. కప్పం కట్టమన్నాడు. చౌత్ వసూలు చేయడమే తన అలవాటు కానీ కట్టడం కాదని మురారి రావు జవాబిచ్చాడట. ముట్టడి మొదలైంది. ఊరూ కింది కోటా హైదర్ చేతికొచ్చాయి. పైకోట మిగిలింది.

గుత్తి కొండ చూసినవాళ్లకి మేం వర్ణించి చెప్పక్కర్లేదు. చూడనివాళ్ల కోసం ఒక్క మాట. మైదానంలోంచి నిటారుగా లేచిన బండరాయి. ఒకదాని మీద ఒకటి తలుపులు, బురుజులు. పైన అంచులో మురారి రావు కూర్చునే చోటని చెప్పే చిన్న మంటపం. ఆ మంటపంలోంచి చూస్తే మైళ్ల కొద్దీ నేల కనిపిస్తుంది, నీళ్లు మాత్రం కనిపించవు. మా జిల్లాలో ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లు. అదీ కురిసిన ఏడు. దేశంలో రాజస్థాన్ ఎడారి తర్వాత మమ్మల్నే చెప్తారు. అలాంటి చోట కొండ మీది కోట బతికేది రాతి దొనల్లో, బావుల్లో పట్టుకున్న వాననీటి మీద. ఫిరంగి గుండుకి లొంగని కోట ఎండకి లొంగుతుంది.

ఆ తర్వాతి కథ మనకు ముఖ్యంగా కర్నల్ విల్క్స్ రాసిన మైసూరు చరిత్ర ద్వారా తెలుస్తోంది. 1810-17 మధ్య అచ్చయిన పుస్తకం. రాసినవాడు హైదర్, టిప్పుల శత్రువుల పక్షం వాడు, మైసూర్‌లో కంపెనీ రెసిడెంటుగా పనిచేసినవాడు. ఆయన మాటకి కాస్త ఉప్పు పిడికెడు తీసిపెట్టుకునే వినాలి. అయినా వినదగ్గ కథ.

నీళ్లు అడుగంటుతున్నాయని మురారి రావు రాయబారం పంపాడు. పన్నెండు లక్షలకి బేరం కుదిరింది. కొంత ముందే చెల్లించాలి, మిగతాదానికి ఒక పెద్దింటి మనిషిని జామీనుగా పంపాలి. కోటలోంచి రొక్కం కొద్దిగానే దిగింది. మిగతాది వెండి సామాను, ఆడవాళ్ల నగలు. ఇక్కడే ఆగి ఆలోచించాలనిపిస్తుంది. న్యూవార్క్‌లో ఇంటి వెండి ఊరి లోపలి సిపాయి జీతం అయింది. గుత్తిలో ఇంటి నగ గోడ బయట ఉన్న శత్రువు తక్కెడలోకి పోయింది. ఏ గాజు ఎంత, ఏ కాసులపేరు ఎంత అని విలువ కట్టేది పుచ్చుకునేవాడు. తాకట్టుకొట్టు గుమ్మంలో నిలబడిన మా అమ్మలకి ఆ తూకం సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

జామీనుగా వెళ్లిన కుర్రాడెవరు? యూనస్ ఖాన్ కొడుకు. యూనస్ ఖాన్ మురారి రావుకి నమ్మకమైన సేనాపతి. అంటే మరాఠా దొర తన మాటకి పూచీగా పంపింది ఒక ముసల్మాను బిడ్డని. పుచ్చుకున్నది ఒక ముసల్మాను సుల్తాను. హైదర్ ఆ కుర్రాణ్ణి మర్యాద చేసి, పొగిడి, మాటల్లో పెట్టాడు. ఇంత వీరులై ఉండి ఎందుకు లొంగారని అడిగాడు. కుర్రాడు పౌరుషానికి పోయి నిజం చెప్పేశాడు: నీళ్లు లేకే, లేకపోతే మా దొర లొంగేవాడా, పైన ఇంక మూడు రోజుల నీళ్లే ఉన్నాయి అని. అంతే. బేరం చెడింది. ముట్టడి మళ్లీ బిగిసింది. 1776లో మురారి రావు కొండ దిగాడు. ఆయన్ని కబ్బాలదుర్గం పంపారు. అక్కడే పోయాడు.

ఈ కథని 'ముస్లిం సుల్తాను హిందూ రాజ్యాన్ని కబళించాడు' అని చెప్పేవాళ్లున్నారు. యూనస్ ఖాన్‌ని ఎక్కడ పెడతారు మరి? హైదర్ దగ్గర పనిచేసిన బ్రాహ్మణ అధికారులని ఎక్కడ పెడతారు? ఇంకో వైపు నుంచి, హైదర్ మావాడు కాబట్టి చేసిందంతా ఒప్పు అనే మావాళ్లూ ఉన్నారు. నగలు పుచ్చుకుని మాట తప్పడం ఒప్పు ఎలా అవుతుంది? విల్క్స్ కొంత కల్పించాడనుకున్నా, దాహంతో ఉన్న కోటని దాహంతోనే పట్టుకున్నాడన్నది మిగులుతుంది. మేం ఆ కొండ కింద పుట్టిన వాళ్లం. ఎండాకాలం బిందెల వరసలో నిలబడ్డ వాళ్లం. ఆ మూడు రోజుల నీళ్ల లెక్క మాకు మతం కన్నా ముందు తగులుతుంది.

ఇక డబ్బు మీది బొమ్మల సంగతి.

హైదర్ 1763లో ఇక్కేరి నాయకుల బిదనూరుని పట్టుకున్నాక తన పేరున బంగారు వరహాలు కొట్టించాడు. వాటి మీద ఒకవైపు ఆయన పేరులోని మొదటి అక్షరం 'హే'. రెండోవైపు శివుడు, పార్వతి. పాత వరహాల మీద ఉన్న బొమ్మనే ఉంచేశాడు. ఎందుకంటే బజారు ఆ బొమ్మని నమ్మింది. మద్రాసులో క్రైస్తవ కంపెనీ దొరలు ఏం చేశారు? వేంకటేశ్వరుణ్ణి ఇద్దరమ్మలతో సహా వరహా మీద కొట్టారు. దాన్ని మూడు సాముల వరహా అన్నారు. మరాఠాలు రూపాయి మీద ఎవరి పేరు వేశారు? ఢిల్లీలో దిక్కులేక కూర్చున్న షా ఆలం పాదుషా పేరు. కంపెనీ కూడా 1835 దాకా మొగలు పాదుషాల పేరుతోనే రూపాయలు కొట్టింది. ముసల్మాను శివపార్వతులని, క్రైస్తవుడు వేంకన్నని, మరాఠా మొగలాయిని. వీళ్లంతా మతసామరస్యం బోధిస్తున్నారని మేం అనం. ఒకరి పేరు మీద ఇంకొకరు బతికిన కాలం అది. చెల్లుబాటే అసలు మతం. కానీ ఈ గడ్డ మీద మనుషులు వేరువేరు పెట్టెల్లో బతికారని చెప్పేవాళ్లు ఆ కాలపు సంచీ ఒకటి విప్పి చూడాలి.

టిప్పు వచ్చాక ఇది మారింది. ఆయన నాణేల మీద మొగలు పాదుషా పేరు తీసేశాడు. తన పేరు కూడా వేసుకోలేదు. ప్రతి నాణేనికీ ఒక పేరు పెట్టాడు. బంగారానికి అహ్మదీ, సిద్దీకీ, ఫారూకీ. వెండిలో రెండు రూపాయలది హైదరీ, రూపాయి ఇమామీ, అర ఆబిదీ, పావు బాకిరీ, ఇంకా చిన్నవి జాఫరీ, కాజిమీ. నలుగురు ఖలీఫాల్లో ముగ్గురు బంగారంలో, వెండిలో ఉన్నారు. నాలుగోవారి పేరున రెండు పైసల రాగి నాణెం ఉస్మానీ అయింది. వెండి చిల్లర ఇమాముల పేర్లు. సున్నీ, షియా పేర్లు ఒకే సంచీలో గలగలమన్నాయి. రాగిలో మిగతావి ఆకాశంలోంచి దించాడు: పైసా జొహ్రా, అంటే శుక్రుడు. అరపైసా బహ్రామ్, కుజుడు. పావుపైసా అఖ్తర్, నక్షత్రం. అన్నిటికన్నా చిన్నది ఖుత్బ్, ధ్రువనక్షత్రం. ఉస్మానీకి తర్వాత ముష్తరీ అని పేరు మార్చాడు, అంటే గురుడు. ఇళ్లల్లో ప్రయాణం వెళ్లేవాళ్ల జబ్బకి 'ఇమామ్ జామిన్' అని నాణేన్ని గుడ్డలో చుట్టి కట్టే మావాళ్లకి ఇమామీ రూపాయి అన్న పేరు వినగానే ఒళ్లు ఝల్లుమంటుంది.

తారీఖుల్లోనూ ఆయనది కొత్త దారే. హిజ్రీ వదిలి, ప్రవక్త పుట్టిన ఏడు నుంచి లెక్కించే మౌలూదీ శకం తెచ్చాడు. అంకెలు ఎడమనుంచి కాకుండా ఉర్దూ రాత లాగా కుడినుంచి ఎడమకి వేయించాడు. నాణేలు పోగేసేవాళ్లు మొదట్లో తికమకపడేది ఇక్కడే.

ఇవన్నీ కొట్టింది యంత్రాలు కావు. కింద ఒక అచ్చు దిమ్మ, మధ్యలో రాగి బిళ్ల, పైన ఇంకో అచ్చు, దాని మీద సుత్తి దెబ్బ. బిళ్ల అచ్చుకన్నా చిన్నదైతే ఏనుగు తొండమో తోకో బయటికి పోతుంది. ఫైజ్ హిసార్ పైసాల్లో ఊరి పేరు సగమే పడ్డవి ఉంటాయి. పట్టణంలో, నగర్‌లో కొట్టిన వాటి పక్కన మా గుత్తి పైసా మోటుగా కనిపిస్తుంది. మాకు అదే బాగుంటుంది.

మురారి రావు కోట పేరు ఫైజ్ హిసార్ అయింది ఒక్కటే కాదు. చిత్రదుర్గం ఫర్రుఖ్‌యాబ్ హిసార్ అయింది. గుర్రంకొండ జఫరాబాద్ అయింది. గెలిచినవాడు పేరు మార్చడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అప్పుడు మార్చింది మావాడు కాబట్టి బాగుందని, ఇప్పుడు మారుస్తున్నది మావి కాబట్టి బాగాలేదని అంటే మా మాటకి విలువుండదు. గుత్తి అన్న పేరే మేం పలికే పేరు. ఫైజ్ హిసార్ నాణెం మీద ఉండనీ. అలాగే మలబారులో, కొడగులో టిప్పు సైన్యాలు చేసిన బలవంతపు మార్పిడుల్ని, తరలింపుల్ని మేం దాచం. 1791లో మరాఠా దండు శృంగేరి మఠాన్ని దోచుకుంటే టిప్పు పునరుద్ధరణకి డబ్బూ ధాన్యమూ పంపిన సంగతీ దాచనివ్వం. ఆయన రూపాయి మీద అహ్మద్ మతం హైదర్ గెలుపుతో వెలిగిందన్న అర్థం వచ్చే మాట ఉంది. రాగి పైసా మీద ఏనుగు మాత్రమే ఉంది. రూపాయి చూసేవాడు దొర, పైసా చూసేవాడు రైతు. ఒకే రాజు ఎవరికి ఏం చెప్పాలో అది చెప్పాడు.

1792 ఫిబ్రవరిలో ముట్టడి టిప్పు గుమ్మంలోకే వచ్చింది. కారన్‌వాలిస్, నిజాం, మరాఠాలు కలిసి శ్రీరంగపట్నం చుట్టూ నిలబడ్డారు. ఒప్పందం: సగం రాజ్యం, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలు, జామీనుగా ఇద్దరు కొడుకులు, అబ్దుల్ ఖాలిక్, ముయిజుద్దీన్. పదహారేళ్ల కింద హైదర్ గుత్తిలో యూనస్ ఖాన్ కొడుకుని పుచ్చుకున్నట్టే ఇప్పుడు హైదర్ మనవళ్లని కంపెనీ పుచ్చుకుంది. ఇంగ్లండులో ఆ దృశ్యాన్ని బొమ్మలు గీసి గోడలకి తగిలించుకున్నారు. యూనస్ ఖాన్ కొడుకు బొమ్మ ఎవరూ గీయలేదు.

ఆ డబ్బు ఎక్కడినుంచి రావాలి? ఖజానా నుంచి కొంత, అధికారుల నుంచి కొంత, మిగతాది నేల మీద నుంచి. సరిగ్గా ఆ ఏళ్లలోనే, 1791-92లో, దక్కనులో పుర్రెల కరువు. చచ్చినవాళ్లని పూడ్చేవాళ్లు లేక ఎముకలు బయటే తేలాయని ఆ పేరు. సగం రాజ్యం పోయినా గుత్తి 1799 దాకా టిప్పు కిందే ఉంది. వాన లేని పొలం మీద శిస్తు, దాని మీద జరిమానా సొమ్ము కోసం నజరానా. ఆ తర్వాత నుంచి రాగి నాణేల మీద అలిఫ్, బే, తే అని ఏడాదికో అక్షరం కొట్టడం మొదలైంది. బడిలో పిల్లాడు మొదటి పాఠం మళ్లీ దిద్దుకున్నట్టుగా. అక్షరమాల పూర్తయ్యేంత కాలం ఆయనకి దొరకలేదు.

ఇదే దక్కనులో ఇంకో ముట్టడి నాణెం గురించి చెప్పకుండా ఉండలేం. 1656లో ఔరంగజేబు గోల్కొండని చుట్టుముట్టాడు. కారణాల్లో ఒకడు మీర్ జుమ్లా. మా పక్కనే ఉన్న గండికోటని పట్టి, వజ్రాల డబ్బుతో రాజుకన్నా పెద్దవాడైన మంత్రి. అబ్దుల్లా కుతుబ్ షా కోటి రూపాయలు ఒప్పుకుని, కూతుర్ని ఔరంగజేబు కొడుక్కిచ్చి బయటపడ్డాడు. ఆ తర్వాత 1068 హిజ్రీ, అంటే 1657-58 నాటి ఆయన రాగి నాణేల మీద ఒక వింత మాట ఉంది. మేలుతో, శుభంతో ముగిసింది అని దాని అర్థం. తానాషా నాణేల మీదా అదే మాట. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత అదే ఔరంగజేబు చేతికి గోల్కొండ పడిపోయింది. ముట్టడించినవాడు ముసల్మాను, లోపలున్నవాడు ముసల్మాను, లోపల మంత్రులుగా ఉండి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు అక్కన్న మాదన్నలు. ఆ రాగి బిళ్ల మీది మాటని షరాఫులు ఏ మొహంతో చదువుకున్నారో!

1799 మే 4న శ్రీరంగపట్నం పడింది. టిప్పు గోడ దగ్గరే చచ్చిపోయాడు. గుత్తి నిజాం వాటాకొచ్చింది. నిజాం 1800లో దాన్ని కంపెనీకి దత్తం చేశాడు, కంపెనీ సైన్యం ఖర్చు కింద. అంటే ఇదీ ఒక రకం చెల్లింపే. నగలకి బదులు జిల్లాలు. అలా మేం దత్తమండలం వాళ్లమయ్యాం. కలెక్టరుగా వచ్చిన మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట పూడ్చింది గుత్తి కొండ కిందే. తర్వాత మద్రాసు తీసుకెళ్లారు. ఆయన పేరు పిల్లలకి పెట్టుకున్న ఇళ్లున్నాయని చెప్తారు. యూనస్ ఖాన్ పేరు పెట్టుకున్న ఇల్లు మాకు తెలిసి లేదు.

టంకసాల మూతపడింది. 1818లో మద్రాసు రాజధాని అంతటా రూపాయే ప్రమాణమయ్యాక వరహాలు మెల్లగా నగల్లోకి, కరిగింపు మూసల్లోకి పోయాయి. శివపార్వతులున్న హైదర్ వరహాలు ఎన్ని కాసులపేర్లలో చేరాయో! రాగి పైసాకి ఆ గౌరవం లేదు కాబట్టి ఎక్కువ కాలం చేతులు మారింది. మైసూర్‌లో ఒడయార్లు తిరిగొచ్చి తమ రాగి నాణేలు కొట్టించినప్పుడు టిప్పు పేరు పెట్టిన శుక్రుణ్ణి, కుజుణ్ణి తీసేశారు. ఫార్సీ పోయి కన్నడం వచ్చింది, చాముండి పేరు వచ్చింది. ఏనుగుని మాత్రం ఉంచారు. దాని నెత్తి మీద సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ పెట్టి, మధ్యలో 'శ్రీ' అని రాశారు.